ఓడ దిగాక మేమెవరం?

మమ్మల్ని అడిగే ప్రశ్నల్లో బాగా పాతది ఒకటుంది. మీరు ఎక్కడ్నించి వచ్చారు? తాతముత్తాతల కాలం నుంచీ ఈ ఊరి చెరువు నీళ్లే తాగినా, ఈ ఊరి మట్టిలోనే మా ఖబరస్తాన్ ఉన్నా ఆ ప్రశ్న మమ్మల్ని వదలదు. తెలుగు మాట్లాడితే 'మీకు తెలుగు భలే వచ్చే' అని ఆశ్చర్యపోతారు. ఉర్దూ మాట్లాడితే 'మీ భాష వేరు గదా' అంటారు. దూదేకులవాళ్లు ఇంట్లో మాట్లాడేది తెలుగే. వాళ్లని అటు తురకల్లోనూ కలపరు, ఇటు తెలుగువాళ్లలోనూ కలపరు. అడిగేవాళ్ల మనసులో ఎక్కడో ఒక గుర్రమో ఒక ఓడో ఉంటుంది. మేం దాన్నెక్కి వచ్చామనీ, ఎప్పటికైనా దాన్నే ఎక్కి పోవాలనీ వాళ్ల లెక్క.

గుర్రాల చరిత్ర చాలామంది రాశారు. అందుకని ఓడ సంగతి మాట్లాడుకుందాం. ఊహల్లోని ఓడ కాదు, టిక్కెట్టు కొనుక్కుని ఎక్కిన ఓడ. తూత్తుకుడిలో సాయంత్రం బయల్దేరి పొద్దున్నే కొలంబో రేవులో ఆగిన రాత్రి ఓడ. ఆ ఓడ మీద తోటపనికి పోయే దళితులున్నారు, బియ్యం బట్టల వ్యాపారానికి పోయే ముస్లింలున్నారు, చెట్టియార్లున్నారు, తెల్లవాళ్లున్నారు. అందరూ ఒకే సముద్రం దాటారు. పొద్దున్నే రేవులో దిగాక మాత్రం ఎవరి వరస వాళ్లకి వేరయింది. ఆ వరసల చరిత్ర మా చరిత్ర కూడా.

పేరులోనే ఓడ

తమిళ తీరంలో కాయల్‌పట్నం, కీళక్కరై, నాగూరు, అధిరాంపట్నం ముస్లింల ఊళ్లు. అక్కడివాళ్లలో పెద్ద తెగ మరక్కాయర్లు. మరక్కలం అంటే తమిళంలో చెక్క ఓడ. మరం అంటే మాను, కలం అంటే ఓడ. మన పాత తెలుగులోనూ కలమంటే ఓడే. మరక్కాయర్ అనే పేరు అరబ్బీ 'మర్కబ్' నుంచి వచ్చిందనేవాళ్లూ ఉన్నారు. అదీ ఓడే. ఏ దారిన పోయినా ఆ పేరు రేవుకే చేరుతుంది.

సముద్రం అవతల సింహళీయులు అక్కడి ముస్లింలని 'మరక్కల' మనుషులన్నారు. అంటే ఓడవాళ్లు. తమిళ తీరం నుంచి వచ్చిపోయే వర్తకులకి 'హంబయ' అని ఇంకో పేరు పెట్టారు. 1505లో పోర్చుగీసువాళ్లు వచ్చారు. తమ దేశంలో తాము కొట్లాడిన ముస్లింల పేరే ఇక్కడివాళ్లకీ తగిలించారు: మూర్లు. మొరాకో ఎక్కడ, కొలంబో ఎక్కడ! అయినా ఆ పేరు ఐదు వందల ఏళ్లుగా ప్రభుత్వ కాగితాల మీద నిలబడింది. 1626లో పోర్చుగీసువాళ్లు తమ ఏలుబడిలోని ముస్లింలని వెళ్లగొడితే, కాండీని ఏలే బౌద్ధ రాజు సేనరతుడు వాళ్లని తూర్పు తీరంలో బట్టికలోవా వైపు నిలబెట్టాడు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. మనుషుల్ని మతం పేరుతో తరిమే పని యూరపు నుంచి ఓడెక్కి వచ్చింది. చోటిచ్చే పని ఇక్కడి రాజు చేశాడు.

ఆ కాండీ సింహాసనం మీదనే 1739 నుంచి 1815 దాకా నాయక రాజులు కూర్చున్నారు. మదురై నాయకుల బంధువర్గం, తెలుగు మూలాలున్నవాళ్లు. సముద్రం దాటి వచ్చినవాళ్లే. చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహని ఇంగ్లీషువాళ్లు పట్టుకుని ఓడ మీద ఇవతలికి తెచ్చి వేలూరు కోటలో ఉంచారు. 1832లో అక్కడే పోయాడు. తెలుగు చరిత్రకారులు ఆయన్ని మనవాడని గర్వంగా చెప్పుకుంటారు. చెప్పుకోవాల్సిందే. సముద్రం దాటిన తెలుగు నాయకుడు మనవాడైతే, అదే సముద్రం దాటిన ముస్లిం వర్తకుడు పరాయివాడెట్లా అవుతాడు?

ఇంకా వెనక్కి పోతే మోటుపల్లి ఉంది. 1244 ప్రాంతంలో కాకతి గణపతిదేవుడు అక్కడ అభయశాసనం వేయించాడు. తుఫానుకి ఓడ పగిలి సరుకు ఒడ్డుకి కొట్టుకొస్తే అప్పటిదాకా రాజులే తీసుకునేవాళ్లు. ఇకనుంచి తీసుకోం, న్యాయమైన సుంకం తప్ప ఏదీ అడగం అని ఆ శాసనం సముద్ర వర్తకులకి మాటిచ్చింది. ఓడ దిగినవాణ్ణి నువ్వెవరని కాదు, నీ సరుకేమిటని అడిగిన రేవు మన నేల మీదే ఉండేది.

టిన్ను బిళ్ల

1876లో రైలు తూత్తుకుడికి చేరింది. అదే ఏడు ధాత కరువు మొదలైంది. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలని ఊడ్చేసిన ఆ కరువు తమిళ జిల్లాలనీ వదల్లేదు. తినడానికి లేని జనం సిలోన్ తోటలకి కదిలారు. అంతకుముందు వాళ్లు చిన్న పడవల్లో మన్నార్ చేరి, అక్కడ్నించి అడవిలో కాలినడకన కొండల మీది కాఫీ తోటలకి పోయేవాళ్లు. దారి పొడుగునా కలరాకీ ఆకలికీ రాలిపోయేవాళ్లు. స్టీమరు వచ్చాక ఆ దారి కొంత తప్పింది. తూత్తుకుడి తీరంలో నీళ్లు లోతు లేవు కాబట్టి పెద్ద ఓడలు కొన్ని మైళ్ల దూరంలో నిలబడేవి. చిన్న పడవల్లో పోయి ఓడెక్కాలి. రాత్రంతా డెక్కు మీద. పొద్దున్నే కొలంబో.

పోయినవాళ్లలో ఎక్కువమంది పళ్లర్లు, పరైయర్లు, చక్కిలియర్లు. ఈ చక్కిలియర్లలో, అంటే అరుంధతీయుల్లో, తెలుగు ఇంటిభాషగా ఉన్నవాళ్లు చాలామంది. సిలోన్ లెక్కల్లో వాళ్లందరూ 'ఇండియన్ తమిళులు' అయిపోయారు. తెలుగు అక్కడ ఏ గడిలోనూ కనబడదు.

1901లో తోటల యజమానులు టిన్ను టిక్కెట్ల పద్ధతి తెచ్చారు. కూలీ చేతికి ఒక చిన్న రేకు బిళ్ల. దాని మీద తోట నంబరు. ఆ బిళ్ల చూపిస్తే రైలూ ఓడా డబ్బు అడగవు. ఖర్చంతా తోట భరించి, కూలీ పేరున అప్పుగా రాసుకుంటుంది. అంటే ఓడెక్కేటప్పటికే మనిషి బాకీపడ్డాడు. పేరు లేదు, ఊరు లేదు, నంబరుంది. తర్వాత తూత్తుకుడి దగ్గర తట్టప్పారైలోనూ, ఆపైన రామేశ్వరం దారిలో మండపంలోనూ క్యాంపులు పెట్టారు. జబ్బులున్నాయేమోనని కూలీలని కొన్ని రోజులు అక్కడ ఆపి, పరీక్షించి, ఆ తర్వాతే ఓడెక్కనిచ్చేవాళ్లు.

ముస్లిం వర్తకుడి మెడలో టిన్ను బిళ్ల లేదు. ఆ తేడా దాచకూడదు. ఆ ఓడ మీద మా వాళ్లూ దళితులూ ఒకే చాప మీద పడుకున్నారని తియ్యగా చెప్పుకుంటే అబద్ధమవుతుంది. మా వాళ్లు సొంత డబ్బుతో పోయారు, అంగళ్లు పెట్టారు, కొండల్లో తోటకూలీకీ సింహళ రైతుకీ అప్పు మీద సరుకిచ్చారు. భార్యాపిల్లల్ని కాయల్‌పట్నంలోనో కీళక్కరైలోనో ఉంచి ఏళ్ల తరబడి సముద్రం మీద వచ్చిపోయారు. వాళ్ల ఉత్తరాలూ లెక్కలూ అర్వీలో ఉండేవి. అర్వీ అంటే అరబ్బీ లిపిలో రాసిన తమిళం. లిపి చూసినవాడు పరాయిదంటాడు, చదివితే అమ్మభాష వినిపిస్తుంది.

స్వదేశీ ఓడలో హాజీ డబ్బు

తూత్తుకుడి కొలంబో దారి చాలాకాలం బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ గుప్పిట్లో ఉండేది. 1906 అక్టోబరులో వి.ఓ. చిదంబరం పిళ్లై స్వదేశీ స్టీమ్ నావిగేషన్ కంపెనీ పెట్టి ఆ గుత్తాధిపత్యాన్ని సవాలు చేశాడు. మూలధనం పది లక్షలు, ఒక్కో వాటా 25 రూపాయలు. గాలియా, లావో అనే రెండు ఓడలు తెచ్చారు. ఇంగ్లీషు కంపెనీ ఛార్జీని రూపాయికి దించింది. స్వదేశీ కంపెనీ ఎనిమిదణాలకి దించింది. చివరికి ఇంగ్లీషువాళ్లు ఉచితంగా ఎక్కించుకుని పైగా గొడుగు కూడా ఇస్తామన్నారు. 1908 మార్చిలో చిదంబరం పిళ్లైని అరెస్టు చేశారు. రెండు యావజ్జీవాల శిక్ష వేశారు. అప్పీలులో తగ్గింది గానీ కోయంబత్తూరు జైల్లో గానుగ లాగించారు. 1911కల్లా కంపెనీ మూతపడింది. ఓడ అమ్ముడుపోయింది, అదీ ఆ ఇంగ్లీషు కంపెనీకే.

ఈ కథ తమిళనాట పిల్లలకి కూడా తెలుసు. 'ఓడ నడిపిన తమిళుడు' అని ఆయనకి బిరుదు. 1907లో బిపిన్ చంద్రపాల్ మన కాకినాడ, రాజమండ్రి, బెజవాడల్లో వందేమాతరం ఉపన్యాసాలిచ్చిన రోజుల్లోనే ఆ ఓడలు సముద్రం మీద తిరిగాయి.

మరి ఆ కంపెనీలో అతి పెద్ద మొత్తం పెట్టినవాడి పేరు ఎంతమందికి తెలుసు? హాజీ మహమ్మద్ బకీర్ సేఠ్. 8000 వాటాలు తీసుకున్నాడు. రెండు లక్షల రూపాయలు. మొత్తం మూలధనంలో ఐదో వంతు. ఈనాటి లెక్క కాదు, 1906 నాటి రెండు లక్షలు.

1906 అనగానే మన పాఠ్యపుస్తకాలు ఒకే మాట చెప్తాయి: ఢాకాలో ముస్లింలీగ్ పుట్టింది. పుట్టింది, నిజమే, డిసెంబరులో. అంతకు రెండు నెలల ముందే తూత్తుకుడిలో ఒక హాజీ తన డబ్బు స్వదేశీ ఓడలో పోశాడు. మొదటి సంగతి ప్రతి పిల్లవాడూ పరీక్షలో రాస్తాడు. రెండోది ఎవరూ అడగరు. దేశం కోసం మా వాళ్లేం చేశారని అడిగేవాళ్లు ముందు ఈ రెండు సంగతుల్నీ ఒకే పేజీలో అచ్చువేయమని మేం అడుగుతున్నాం. చరిత్రలో మాకు చోటు లేకపోవడం అంటే మేం లేకపోవడం కాదు. రాసిన చెయ్యి మమ్మల్ని దాటి పోవడం.

ఇద్దరు పెద్దమనుషుల వాదం

కొలంబోలో అప్పటికి ఇంకో తగాదా నడుస్తోంది. పొన్నంబలం రామనాథన్ శాసనసభలో తమిళుల ప్రతినిధి, గొప్ప న్యాయవాది. 1888లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ సిలోన్ శాఖలో ఒక వ్యాసం చదివాడు. మూర్లు జాతిరీత్యా తమిళులే, మతం మార్చుకున్న తమిళులు, అంతే అన్నాడు. వినడానికి కలుపుగోలు మాట లాగే ఉంది. కానీ ఎప్పుడన్నాడు? శాసనసభలో ముస్లింలకి వేరే సీటివ్వాలన్న చర్చ సాగుతున్నప్పుడు. మీరు మావాళ్లే, కాబట్టి మీ తరఫున మేమే మాట్లాడతాం అన్నది దాని సారం. మరుసటేడు, 1889లో, ముస్లింలకి ఒక సీటు వచ్చింది.

1907లో ఐ.ఎల్.ఎం. అబ్దుల్ అజీజ్ దానికి జవాబుగా పుస్తకమే రాశాడు. మేం తమిళులం కాదు, అరబ్బుల సంతతి అన్నాడు. ఆడవాళ్ల వైపు నుంచి తమిళ నెత్తురు కలిసినా మూలం అరబ్బే అని వాదించాడు.

ఈ ఇద్దరి మాటలూ మాకు కొత్త కాదు. రామనాథన్ మాట మేం రోజూ వింటాం. 'మీరు కూడా ఒకప్పుడు మావాళ్లే, మతం మారారు' అంటారు. ప్రేమగా అనేవాళ్లున్నారు, వెనక్కి రమ్మనే అర్థంలో అనేవాళ్లూ ఉన్నారు. మావాళ్లే అన్నప్పుడు పక్కన కూచోబెట్టుకోవాలి గదా? భాష ఒక్కటేనని చెప్పి మా పేరు, మా తిండి, మా పండగ ఇంట్లో దాచుకోమంటే అది కలుపుకోవడం కాదు, మింగేయడం.

అజీజ్ మాట కూడా మాకు తెలుసు. మా ఇళ్లలోనే ఉంది. మేం సయ్యదులం, మేం పఠాన్లం, మా పూర్వీకులు అరబ్బు నుంచి, ఇరాన్ నుంచి వచ్చారని చెప్పుకునే గొప్ప. నిజంగా వచ్చినవాళ్లు కొందరుంటారు. కానీ ఊరూరా ఉన్న దూదేకుల, లద్దాఫ్, కసాబు, ఫకీరు, లబ్బై జనం ఏ ఓడా దిగలేదు. ఈ నేల మీద కులం పెట్టిన బాధకి తట్టుకోలేక, తలెత్తుకుని నిలబడే చోటు వెతుక్కుని ఇస్లాంలోకి వచ్చినవాళ్ల పిల్లలు వీళ్లలో ఎంతోమంది. వంశవృక్షం కోసం పరాయి తీరం చూపిస్తే, మాకు 'పో' అనేవాడికి దారి మేమే చూపించినట్టవుతుంది. ఈ ఇద్దరు పెద్దమనుషులూ వాదించుకున్నారు గానీ, తూత్తుకుడి ఓడ డెక్కు మీద మూట తలకింద పెట్టుకుని పడుకున్న మరక్కాయర్ని ఎవరూ అడగలేదు. అడిగితే అతను రెండూ చెప్పేవాడు. భాష తమిళం, దీన్ ఇస్లాం. రెండూ అతనివే. ఒకటి ఉండాలంటే ఇంకోటి వదలాలని అతనికి తెలీదు.

రైలు ఓడ వచ్చిన మరుసటేడు

1914 ఫిబ్రవరిలో పాంబన్ వంతెన తెరిచారు. మార్చి నుంచి ధనుష్కోటి తలైమన్నార్ మధ్య రైల్వే ఓడలు మొదలయ్యాయి. మధ్యలో సముద్రం సుమారు 30 కిలోమీటర్లే. మద్రాసు ఎగ్మూరులో బోట్ మెయిల్ ఎక్కితే ఒక రాత్రి రైల్లో, మరుసటి పగలు ఓడలో, ఇంకో రాత్రి సిలోన్ రైల్లో. కొలంబోకి ఒకటే టిక్కెట్టు. తూత్తుకుడి రాత్రి ఓడ ప్రాముఖ్యం తగ్గింది. రెండు దేశాలూ ఇంకా దగ్గరయ్యాయని అందరూ అనుకున్నారు.

మరుసటేడే, 1915 మే 28 వైశాఖ పున్నమి రాత్రి, కాండీలో మసీదు ముందు ఊరేగింపు వాయిద్యాల మీద గొడవ లేచింది. గంపొలలో తీర ముస్లింల మసీదు ముందునుంచి దేవాలయ ఊరేగింపు పోవడం మీద అప్పటికి కొన్నేళ్లుగా కోర్టు కేసు నడుస్తోంది. మసీదు ముందు బాజాలు! మన పట్నాల్లో గొడవ ఎట్లా మొదలవుతుందో ఎరిగినవాళ్లకి ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు. కొద్దిరోజుల్లో కొండల నుంచి కొలంబో దాకా మంటలు పాకాయి. 4000కి పైగా ముస్లింల దుకాణాలు దోచుకున్నారు. 80కి పైగా మసీదులు దెబ్బతిన్నాయి. పాతిక మందికి పైగా ముస్లింలు చనిపోయారు. యుద్ధకాలం ధరలు, అప్పుల మీద కోపం, ఆ కోపాన్ని మతం వైపు తిప్పిన ప్రచారం, అన్నీ కలిశాయి. 'ఓడ దిగి వచ్చి దోచుకుంటున్నారు' అన్నది ఆ ప్రచారం గుండెకాయ. అప్పిచ్చే చెట్టియారూ ఓడ దిగినవాడే, తోటల యజమాని తెల్లవాడూ ఓడ దిగినవాడే. దెబ్బలు మాత్రం ముస్లిం అంగడికి.

ఇంగ్లీషు ప్రభుత్వం మార్షల్ లా పెట్టి సింహళీయులని క్రూరంగా అణిచింది. నిర్దోషుల్నీ కాల్చింది. అది అన్యాయమే. రామనాథన్ లండను దాకా పోయి సింహళ నాయకుల తరఫున వాదించాడు. మీరు తమిళులే అని ముస్లింలకి నచ్చజెప్పిన మనిషి, వాళ్ల ఇళ్లు కాలినప్పుడు ఎదుటి పక్షం వకీలుగా కనబడ్డాడు. మావాళ్లే అన్న మాట విలువ ఎంతో ముస్లింలకి అప్పుడు తెలిసింది. ఆ తర్వాతి జనాభా లెక్కల్లో సిలోన్ మూర్లు, ఇండియన్ మూర్లు అనే రెండు గడులు గట్టిపడుతూ పోయాయి. ఇక్కడివాళ్లం అనిపించుకోవాలంటే అవతలి ఒడ్డువాణ్ణి దూరం పెట్టక తప్పని పరిస్థితి. ఒకే నమాజు వరసలో నిలబడేవాళ్లని లెక్కల గుమాస్తా రెండుగా చీల్చాడు.

టిక్కెట్టు పోయి కాగితం వచ్చింది

1948లో స్వతంత్ర సిలోన్ పౌరసత్వ చట్టం చేసింది. తండ్రి ఆ దేశంలో పుట్టినట్టు రుజువు చూపించాలి. తోట లైన్లలో పుట్టిన కూలీకి జనన కాగితం ఎక్కడిది? లక్షలమంది రాత్రికి రాత్రి ఏ దేశమూ లేనివాళ్లయ్యారు. 1949లో ఇంకో చట్టం తెచ్చారు. దాని పేరు 'భారత, పాకిస్తాన్ నివాసుల పౌరసత్వ చట్టం'. దరఖాస్తు పెట్టుకోమన్నారు. ఎక్కువ దరఖాస్తులు తిరస్కరించారు.

1964 అక్టోబరు 30న లాల్ బహదూర్ శాస్త్రి, సిరిమావో బండారనాయకే ఒప్పందం రాసుకున్నారు. 9 లక్షల 75 వేలమంది మనుషులు. 5 లక్షల 25 వేలు భారత్‌కి, 3 లక్షలు సిలోన్‌కి, మిగతా లక్షన్నర సంగతి తర్వాత చూద్దామని. 1974లో ఆ మిగిలినవాళ్లనీ చెరి సగం పంచుకున్నారు. పశువుల సంతలో కూడా బేరానికి ముందు పశువుని చూస్తారు. ఇక్కడ మనుషుల్ని అడగనైనా అడగలేదు.

ఒప్పందం జరిగి రెండు నెలలైనా కాలేదు. డిసెంబరు 22 రాత్రి తుఫాను ధనుష్కోటిని తుడిచేసింది. వంద మందికి పైగా ప్రయాణికులున్న పాసింజరు రైలు సముద్రంలో కలిసిపోయింది. రేవు లేదు, స్టేషను లేదు. తర్వాత ఓడ రామేశ్వరం నుంచి నడిచింది. ఆ ఓడ మీదనే మూడు లక్షలకి పైగా జనం 'స్వదేశం' పేరుతో తాము ఎప్పుడూ చూడని దేశానికి చేరారు. ముందు దిగింది ఎక్కడ? మండపం క్యాంపులో. తాతని జబ్బుందేమోనని ఆపిన చోటే మనవణ్ణీ ఆపారు. యుద్ధం వచ్చాక శరణార్థుల్నీ అక్కడే ఉంచారు. నూరేళ్లుగా ఆ క్యాంపు మూతపడలేదు. లోపలి మనుషుల పేరు మాత్రం మారింది: కూలీ, కాందిశీకుడు, శరణార్థి.

ఆ జనంలో కొందరు మన రాష్ట్రానికీ వచ్చారు. బర్మా నుంచి వచ్చినవాళ్ల పేరుతో విశాఖపట్నంలో బర్మా క్యాంపు ఉన్న సంగతి తెలిసిందే. ఆ బర్మా, సిలోన్ కాందిశీకుల కోసం 1969లో పెట్టిన రెప్కో బ్యాంకులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా వాటాదారు. ఓడ కథ మన గడప దాకా వచ్చిందనడానికి ఇదొక ఆనవాలు.

భాష ఒక్కటే, అయినా

1983 జులైలో కొలంబోలో తమిళుల ఊచకోత జరిగింది. యుద్ధం ముదిరింది. రామేశ్వరం తలైమన్నార్ ఓడ ఆగిపోయింది. ఇక సముద్రం దాటింది దొంగచాటు పడవలే.

1990 ఆగస్టు 3న తూర్పున కాత్తాన్‌కుడి మసీదుల్లో ఇషా నమాజులో ఉన్న వంద మందికి పైగా ముస్లింలని కాల్చి చంపారు. ఆ పని పులులదేనని నింద. అక్టోబరులో ఉత్తరాది ముస్లింలందరినీ ఎల్టీటీఈ వెళ్లిపొమ్మంది. అక్టోబరు 30న జాఫ్నా ముస్లింలకిచ్చిన గడువు రెండు గంటలు. నగలూ డబ్బూ లాక్కున్నారు. మన్నార్ ద్వీపం ముస్లింలు పడవల్లో దక్షిణాన కల్పిటియకి చేరారు. ఒకప్పుడు బోట్ మెయిల్ ఓడ ఆగిన తలైమన్నార్ ఆ ద్వీపం మీదే ఉంది. మొత్తం 70 వేలమందికి పైగా పుత్తలం ప్రాంతంలో తాటాకు పందిళ్ల కింద పడ్డారు. చాలామంది ఇరవై ఏళ్లు, అంతకంటే ఎక్కువ కూడా అక్కడే గడిపారు.

వాళ్ల భాష తమిళం. పాటలు తమిళం. తిట్లు కూడా తమిళం. తమిళం కోసం పోరాడుతున్నామన్నవాళ్లే వాళ్లని తరిమారు. తూర్పున ముస్లిం హోంగార్డులు తమిళ పల్లెల మీద పడి చంపిన సంగతీ నిజం. దాన్ని మేం దాచం. కానీ జాఫ్నాలో కుట్టుమిషను తొక్కుకునే ముస్లిం దర్జీకి ఆ పల్లెలతో ఏం సంబంధం? 2002లో పులుల తరఫున ఆంటన్ బాలసింగం క్షమాపణ చెప్పాడు. పన్నెండేళ్లకి.

ప్రాంతం కోసం, భాష కోసం ఉద్యమాలు నడిపిన తెలుగు మిత్రులకి ఈ సంగతి ప్రత్యేకంగా చెప్తున్నాం. మేం ఆ ఉద్యమాల్లో ఉన్నాం, ఉంటాం. ఒక భాష మాట్లాడేవాళ్లంతా ఒకటే అని నినాదం ఇచ్చినంత మాత్రాన అందులో మైనారిటీకి చోటు దొరకదు. చోటు విడిగా అడగాలి, విడిగా రాసుకోవాలి. అడిగితే చీలిక తెస్తున్నారంటారు. అడగని మన్నార్ ముస్లింకి మిగిలిందేమిటో చూశాం.

మళ్లీ ఓడ

2011 జూన్‌లో తూత్తుకుడి కొలంబో రాత్రి ఓడ మళ్లీ కదిలింది. పేరు స్కోషియా ప్రిన్స్. వెయ్యిమందికి పైగా పట్టే ఓడ. సాయంత్రం ఎక్కి పొద్దున్న దిగేది. నవంబరుకల్లా ఆగిపోయింది. ప్రయాణికులు సరిపోలేదు, బాకీలు పడ్డాయి. 2023 అక్టోబరులో నాగపట్నం నుంచి జాఫ్నా దగ్గరి కంకేశన్‌తురైకి పగటి ఓడ ప్రారంభించారు. కొద్దిరోజులకే ఆపారు. 2024 ఆగస్టులో శివగంగై అనే ఓడతో తిరిగి మొదలుపెట్టారు. ప్రారంభోత్సవాల్లో వేల ఏళ్ల నాగరికతా బంధం గురించి పెద్ద మాటలు చెప్పారు.

నాగపట్నానికి కొద్ది మైళ్లలోనే నాగూరు దర్గా. ఓడల్ని తుఫాను నుంచి కాపాడతాడని షాహుల్ హమీద్ వలీకి హిందూ జాలర్లు కూడా మొక్కుకుంటారు. సముద్రం అవతల కల్మునై కడలితీర మసీదులో ఆ వలీ పేరుతోనే ఏటా జెండా ఎక్కిస్తారు. నెల్లూరు బారాషహీద్ దగ్గర రొట్టెలు మార్చుకునే మన జనానికి ఈ బంధం అర్థం కావడానికి ఉపన్యాసం అక్కర్లేదు. నాగరికతా బంధం అనే మాటలో నాగూరు వలీ ఉన్నాడా? హాజీ బకీర్ సేఠ్ ఉన్నాడా? టిన్ను బిళ్ల కట్టుకుని పోయిన అరుంధతీయ తల్లి ఉందా?

2019 డిసెంబరులో మన దేశం పౌరసత్వ సవరణ చట్టం చేసింది. మూడు దేశాల నుంచి వచ్చిన ఆరు మతాలవాళ్లకి దారి ఇచ్చింది. ఆ మతాల్లో ఇస్లాం లేదు. ఆ దేశాల్లో శ్రీలంక లేదు. అంటే మండపం క్యాంపులోని హిందూ తమిళుడికీ దాంట్లో చోటు లేదు. ముస్లింని బయట పెట్టడానికి గీసిన గీత ముస్లిం దగ్గరే ఆగదన్నమాట. 1948లో సిలోన్ అడిగిన కాగితమూ, ఇవాళ మమ్మల్ని అడుగుతారని మేం భయపడే కాగితమూ ఒక జాతివే. నీ తండ్రి ఎక్కడ పుట్టాడు? రుజువేది? తోట లైన్లలో, ఊరి బయట గుడిసెల్లో, మంత్రసాని చేతిలో పుట్టినవాడికి రుజువు ఉండదు. దళితుడికీ ఉండదు, సంచారజాతివాడికీ ఉండదు. ముస్లిం పేరు పక్కన ఉంటే మాత్రం ఆ లేకపోవడం నేరమవుతుంది.

కాబట్టి మేం ఓడ దిగలేదని ప్రమాణం చేసి ఎవర్నో నమ్మించే పని మాది కాదు. దిగినవాళ్లున్నారు, ఎక్కినవాళ్లున్నారు, ఓడ కట్టినవాళ్లున్నారు, ఓడ మొహమే చూడనివాళ్లు అందరికంటే ఎక్కువున్నారు. వీళ్లందరూ కలిస్తేనే మేం. ఎక్కడ్నించి వచ్చారని అడిగే హక్కు ఎవరికిచ్చారో ముందు తేల్చుకుందాం. తూత్తుకుడి చరిత్ర చెప్పేటప్పుడు చిదంబరం పిళ్లై పక్కన హాజీ బకీర్ సేఠ్ పేరు రాయండి. సిలోన్ తోటల గురించి చెప్పేటప్పుడు తెలుగు మాట్లాడిన దళితుల్ని తమిళుల గడిలో మాయం చేయకండి. జాఫ్నా గురించి ఏడ్చేటప్పుడు 1990 అక్టోబరు 30 కోసం కూడా కన్నీళ్లు దాచండి. ఈ మూడూ చేసినవాళ్లతో కలిసి ఏ ఓడైనా ఎక్కడానికి మేం సిద్ధం. దిగాక మాత్రం వరసలు వేరు చేయనివ్వం.